చేవెళ్ల బాటలో అమెరికా

హైదరాబాదు నుండి పడమటగా బీజాపూరుకు పోవు బాట శ్రోతలలో పెక్కుమంది యెరిగినదే. లంగరుహౌజు దాటి, నగరపు ఇండ్ల వరుసలు కొంత పలుచబడిన పిమ్మట, ఇరుప్రక్కల మర్రిచెట్లు కొమ్మలు కలుపుకొని పందిరి వేసినట్లుండును. నిజాముల కాలమున బాటసారుల నీడకై నాటిన చెట్లవి. మొయినాబాదు, చేవెళ్ల ఈ బాట మీది యూళ్లే. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో వెల్లివిరిసిన సంపదను గూర్చి ప్రసంగింపబూని, ఈ రెండూళ్ల పేరెత్తుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని ఆ సంపద ఈ బాటకు రెండు పర్యాయములు వచ్చినది. మొదటిసారి, భూమిని ఎట్లు సాగు చేయవలెనో చెప్పుటకు వచ్చినది. రెండవసారి, భూమి వెల యెంత యని అడుగుటకు వచ్చినది.

మొదట ఆ సంపద పుట్టిన విధము చెప్పవలెను. యుద్ధము ఇంకను సాగుచుండగనే, 1944 జూన్ 22వ తేదీన, రూజ్వెల్టు అధ్యక్షుడు ఒక చట్టముపై సంతకము చేసెను. సైన్యము నుండి తిరిగివచ్చు యువకులకు చదువు చెప్పించుటకును, ప్రభుత్వపు పూచీపై ఇంటికి అప్పు ఇప్పించుటకును ఏర్పడిన చట్టమది. దాని క్రింద 78 లక్షల మంది చదువుకొనిరి, లేదా వృత్తులలో శిక్షణ పొందిరి. తాత తండ్రులు కళాశాల గడప తొక్కని కుటుంబముల పిల్లలు ఇంజనీర్లయిరి, ఉపాధ్యాయులైరి. 1947లో న్యూయార్కు నగరమునకు వెలుపల, బంగాళదుంప పండించు చేలలో, లెవిట్ అను కుటుంబమువారు కార్ఖానాలో వస్తువులు చేసినట్లు ఒకే తీరు ఇండ్లను వరుసగా కట్టనారంభించిరి. నాలుగేండ్లలో 17,000కు పైగా ఇండ్లు లేచినవి. 1940లో అమెరికా కుటుంబములలో నూటికి 44 కుటుంబములకు సొంత ఇల్లుండగా, 1960 నాటికి 62 కుటుంబములకు అమరెను. 1956లో ఐసెన్‌హోవరు 41,000 మైళ్ల రాజమార్గముల చట్టముపై సంతకము చేసెను. 1950లో పదిండ్లలో ఒక యింట మాత్రమే కనిపించిన టెలివిజను, పదేండ్లు తిరుగునప్పటికి ఇంచుమించు తొమ్మిదిండ్లకు చేరెను. రేడియో పెట్టె చుట్టు ఇంటిల్లిపాదియు కూర్చుండు అలవాటు అచ్చట అప్పుడే తగ్గుచుండెను. మన యిండ్లలో ఆ ముచ్చట అప్పుడప్పుడే మొదలగుచుండెను.

ఆ కాలముననే అచ్చటి రైతులు భూమిని విడిచిరి. 1950లో వ్యవసాయ క్షేత్రములపై నివసించువారు 2 కోట్ల 30 లక్షలు. 1970 నాటికి కోటికి లోపు. ప్రత్తి తీయు యంత్రము వచ్చి దక్షిణ రాష్ట్రములలో కూలీల చేతిపనిని లాగుకొన్నది. ఇది చిన్న మార్పు కాదు. అందరికి కాకున్నను, పెక్కుమందికి డెట్రాయిటులోనో చికాగోలోనో కార్ఖానా పని దొరకెను. 1950లో మోటారు కార్మికుల సంఘము జనరల్ మోటార్సు కంపెనీతో ఐదేండ్ల ఒడంబడిక చేసికొని, ధరలతో పాటు వేతనము పెరుగునట్లును, ముదిమిలో పింఛను వచ్చునట్లును సాధించుకొనెను. అనగా పని ముందు వచ్చినది, ఆ పని చూచుకొని ఇల్లు వచ్చినది, శివారు భూములకు వెల ఆ పిమ్మట వచ్చినది. ఈ వరుసను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. చేవెళ్ల బాటలో ఇది తలక్రిందైనది.

అయితే ఆ విందులో అందరికి విస్తరి పడలేదు. లెవిట్ కుటుంబమువారు తమ యిండ్లను నల్లవారికి అమ్మరైరి. మిసిసిపీ రాష్ట్రపు పట్టణములలో 1947లో పైన చెప్పిన చట్టపు పూచీపై ఇచ్చిన 3,229 అప్పులలో నల్లవారికి దక్కినవి రెండు. రెండు వందలు కావు, రెండే. చట్టములో జాతిభేదము ఒక్క మాటయైనను వ్రాసియుండలేదు. అది అప్పిచ్చు బ్యాంకులో, దరఖాస్తు అందుకొను గుమాస్తా చేతిలో ఉండెను. 1957లో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌనులో మయర్స్ అను నల్లజాతి దంపతులు ఇల్లు కొని దిగగా, గుంపులు చేరి రాళ్లు రువ్వినవి. ఆ దంపతులు బెదరి పోలేదు. అంతకు రెండేండ్ల ముందే మాంట్‌గోమరీ పట్టణమున నల్లవారు ఏడాదికి పైగా బస్సులెక్కక నడిచి పనులకు పోయిరి. 1964లో పౌరహక్కుల చట్టము, 1965లో ఓటుహక్కుల చట్టము ఆ నడక నుండి వచ్చినవే.

అదే 1965లో, అక్టోబరు 3వ తేదీన, జాన్సను అధ్యక్షుడు మరియొక చట్టముపై సంతకము చేసెను. ఐరోపావారికి పెద్దపీట వేసి ఆసియావారికి తలుపు మూసిన పాత వలస లెక్కలు దానితో కొట్టివేయబడినవి. జాతినిబట్టి మనుష్యులను ఎంచరాదను పోరాటపు ఊపులోనే ఈ తలుపు తెరచుకొన్నది. దానిగుండా మన వైద్యులు వెళ్లిరి, ఇంజనీర్లు వెళ్లిరి, వారి వెనుక ఇంకను లక్షలమంది వెళ్లిరి. మాంట్‌గోమరీలో నడిచినవారికి తెలుగువారు పడిన ఋణమిది. మనలో దీనిని తలచుకొనువారు అరుదు.

ఇక మొదటి రాక సంగతి. యుద్ధానంతరము అమెరికా పొలములలో గోధుమ దేశపు అవసరమునకు మించి పండెను. 1954లో ఆ మిగులును పరదేశములకు వారి సొంత నాణెములకే అమ్ముటకు ఒక చట్టము చేసిరి. 1960లో మన ప్రభుత్వము నాలుగేండ్లకు కోటీ 60 లక్షల టన్నుల గోధుమకు ఒడంబడిక చేసికొనెను. చౌకధరల దుకాణము ముందు సంచి పట్టుకొని నిలిచిన తరమువారికి ఆ గోధుమ రంగును రుచియు నేటికిని జ్ఞాపకముండును. అయితే పరాయి గింజపై ఎన్నాళ్లు బ్రతుకుట? ఆ ప్రశ్నకు సమాధానములలో ఒకటి ఈ బాటకు కొంచెము దక్షిణముగా, రాజేంద్రనగరులో వెలసెను. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. 1965 మార్చి 20న ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు దానిని ప్రారంభించిరి. దానికి తోడ్పడినది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము. 1862లో లింకను కాలమున ప్రభుత్వము భూములిచ్చి నిలబెట్టిన వ్యవసాయ కళాశాలల కోవలోనిది అది. బోధన, పరిశోధన, పరిశోధించినదానిని రైతు గట్టునకు చేర్చుట – ఈ మూడు పనులును ఒకే కప్పు క్రింద జరుగవలెననునది ఆ కోవ కళాశాలల పద్ధతి.

చేవెళ్ల ప్రాంతము జొన్నరొట్టె తిను ప్రాంతము. 1964లోనే మన దేశపు తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1 విడుదలయ్యెను, దాని తల్లి రకము అమెరికాలోని టెక్సాసు జొన్న. అనగా ఆనాడు అమెరికా మన పొలములోనికి విత్తనమై దిగినది. ఆ పొలమెవరిదను ప్రశ్నయు అప్పటికి కొంత తేలియుండెను. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950 కౌలుదారీ చట్టముతో నిజాము కాలపు రైతులు కొందరు రక్షిత కౌలుదారులై, తరువాతి కాలమున పట్టాదారులైరి. అందరును కాలేదు. ఐనను, దున్నువాని పేరు కాగితమునకెక్కవలెనను మాట ప్రభుత్వపు నోట వినబడిన కాలమది. విత్తనమిచ్చు సంస్థ, కాగితమిచ్చు చట్టము – ఈ రెండును మనిషి తన భూమిపైననే ఉండునని నమ్మి చేసినవి.

రెండవ రాక ఇందుకు భిన్నమైనది. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తలుపులు తెరచిరి. 2000 మార్చి 24న క్లింటను అధ్యక్షుడు అచ్చటికి వచ్చి ప్రసంగించెను. 2008లో అమెరికా కాన్సలేటు కార్యాలయము హైదరాబాదులో వెలసెను. అంతకు చాలముందే మొయినాబాదు మండలములో, గండిపేట చెరువు ఒడ్డున నున్న చిలుకూరు బాలాజీ గుడికి యువకులు పాసుపోర్టులతో రాసాగిరి. కోరిక కోరి పదునొకండు ప్రదక్షిణములు; కోరిక తీరినచో నూట యెనిమిది. ఆ గుడిలో హుండీ లేదు, డబ్బుకట్టి దర్శించు వరుస లేదు. మన దేశమున దేవునికి వీసాల స్వామియను పేరు వచ్చుట చరిత్రలో నమోదు చేయదగిన సంగతి. ఆ గుడి అర్చకులు శ్రీ రంగరాజన్ గారు 2018 ఏప్రిలులో జియాగూడలోని రంగనాథాలయమున ఒక దళిత భక్తుని భుజములపై ఎక్కించుకొని గర్భాలయము వఱకు కొనిపోయిరి. వీసా కొరకు తిరుగు ప్రదక్షిణములకు వచ్చినంత పేరు దీనికి రాలేదని నా యభిప్రాయము.

వీసా వచ్చెను, ఉద్యోగము వచ్చెను, డాలరు వచ్చెను. కూడబెట్టిన డాలరు ఎచ్చటికి పోవలెను? మనవారికి బంగారము తరువాత నమ్మకము భూమిపైననే. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి పూర్తియగుటతో చేవెళ్ల బాట విమానాశ్రయమునకును, గచ్చిబౌలి కార్యాలయములకును దగ్గరైనది. ఎకరముతో లెక్కించిన భూమిని గుంటలతోను, గుంటలతో లెక్కించినదానిని చదరపు గజములతోను లెక్కింపసాగిరి. బయానా కాగితము చేతులు మారి మారి, అసలు రిజిస్ట్రీ జరుగునాటికి అమ్మినవాడు కొన్నవాని ముఖము చూడని యొప్పందములు పెరిగినవి. ఎకరము అమ్మిన డబ్బుతో నాలుగు మండలములు దాటి పది యెకరములు కొన్న తెలివిగలవారును గలరు; కారు, పెండ్లి, ఇల్లు అని మూడేండ్లలో ఖర్చుచేసి, తమ పాత పొలములోనే వెలసిన ఫారం హౌసు గేటు వద్ద కాపలాకు కూర్చుండినవారును గలరు. ఇచ్చట భూమి వెల ముందు వచ్చినది. పని వెనుక వచ్చినది, వచ్చిన పనియు ఆ యూరివానికి చేతనైన పని కాదు.

ఈ సందర్భమున నీటి మాట చెప్పక తప్పదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచిన సంగతి మన పెద్దలు కథలుగా చెప్పుదురు. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో మూసీపై ఉస్మాన్‌సాగరము, ఈసీపై హిమాయత్‌సాగరము కట్టిరి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తియైనవి. వీనిని కాపాడుటకై 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తర్వు వెలువడెను. చెరువు నిండుమట్టము నుండి పది కిలోమీటర్ల లోపల కాలుష్యము కలిగించు కార్ఖానాలు, పెద్ద హోటళ్లు, ఇండ్ల కాలనీలు కూడవనునది దాని సారము. 84 గ్రామములు, ఇంచుమించు 1,32,000 ఎకరములు దాని క్రిందికి వచ్చినవి. మొయినాబాదు మండలములో చాల భాగము, చేవెళ్ల మండలములో కొంత యందులోనివే. 2000వ సంవత్సరములో సుప్రీంకోర్టు ఒక నూనె కర్మాగారపు వ్యాజ్యములో ఈ ఆంక్షను సమర్థించి, త్రాగునీటి చెరువు విషయమున ముందుజాగ్రత్తయే ధర్మమని తేల్చినది.

ఇచ్చటి రైతు గోడు కొట్టివేయదగినది కాదు. హద్దురాయికి ఆవలి వాని యెకరము కోట్లు పలుకుచుండగా, తన యెకరము అందులో కొంతయైన పలుకదు. నగరమునకు నీరు కావలెను, ఆ నీటి ఖర్చు నేనొక్కడనే ఏల భరింపవలెనని అతడడుగును. న్యాయమైన ప్రశ్న. కాని ఉత్తర్వు ఉన్నను ఫారం హౌసులు లేచినవి, కల్యాణమంటపములు లేచినవి. ఆంక్షను పాటించినది ఎక్కువగా చిన్న రైతే. 2022 ఏప్రిలులో 69వ నంబరు ఉత్తర్వుతో ఆంక్షలు షరతులపై సడలించిరి, 2023 మేలో 111ను పూర్తిగా తొలగించుటకు నాటి మంత్రివర్గము నిర్ణయించెను, వ్యవహారము న్యాయస్థానమునకెక్కెను. అమెరికా సంపద పరాకాష్ఠలో నుండగా, 1958లో, గాల్‌బ్రెయిత్ అను అర్థశాస్త్రజ్ఞుడు తన గ్రంథములో ఇంటిలోపలి ఐశ్వర్యమును, ఇంటిబయటి దారిద్ర్యమును పక్కపక్కన నిలిపి చూపెను. 1961 నుండి 1963 వఱకు మన దేశమున అమెరికా రాయబారిగా నున్నవాడతడే. గండిపేట గట్టు ఆయన చూచెనో లేదో గాని, నేడు అచ్చట నిలిచినవారికి ఆ పుస్తకము చదువ నక్కరలేదు.

రాజకీయములలోను ఈ యూరి పేరు మారుమ్రోగెను. జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి గారు మొయినాబాదు ప్రక్కనున్న పెద్దమంగళారమువారే. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు పాదయాత్రను చేవెళ్ల నుండి ప్రారంభించిరి. మరుసటి యేడు ముఖ్యమంత్రియై మొదటి సంతకము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తుపై చేసిరి. బోర్లు లోతెక్కినవి. ప్రాణహిత నది నుండి 160 టి.ఎం.సీ.ల నీరు తెచ్చు పథకమునకు చివరి మజిలీగా ఈ యూరి పేరే పెట్టి ప్రాణహిత–చేవెళ్ల యనిరి. 2016లో ఆ పథకము కాళేశ్వరముగా మారి, చేవెళ్ల పేరు జారిపోయినది. రంగారెడ్డి జిల్లాకు నీరు కృష్ణానది నుండి ఇత్తుమనిరి. పేరు వచ్చిన యూరికి నీరు రాలేదు. బోరునీటితోనే ఇచ్చటివారు టమాటయు, క్యారెట్టును, ఆకుకూరలును పండించిరి. బంతి, చామంతి, గులాబీ పండించి తెల్లవారకముందే గుడిమల్కాపురము పూలబజారునకు చేర్చిరి.

ఈ పంటలు పండించువారిలో భూమి సొంతము కానివారు ఎందరో. కౌలు నోటిమాటపై నడచును. ఏడాదికి ఇంత యని, కాగితము లేదు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరమునకు పంటకాలమునకు 4,000 రూపాయలు పట్టాదారునకు దక్కెను. పట్టాదారు గచ్చిబౌలిలో నున్నను సరే, న్యూజెర్సీలో నున్నను సరే. నాగలి పట్టినవాడు, కలుపు తీసిన స్త్రీ, ఆ లెక్కలో లేరు. వీరికి గుర్తింపుకార్డులిచ్చి అప్పు ఇప్పింపవలెనని 2011లో ఒక చట్టమే వచ్చినది; దాని యమలు తెలంగాణమున నామమాత్రముగ మిగిలెను. 1977 చట్టము ప్రకారము పేదలకిచ్చిన అసైన్డు భూములు అమ్మరాదు. అమ్మరాదనుటచేత అవి చౌకగా చేతులు మారినవి, వెల పెరిగిన లాభము మొదట పట్టా పొందిన దళిత కుటుంబమునకు చేరలేదు. 1947లో మిసిసిపీ గుమాస్తా చేసిన పనినే ఇచ్చట ఖాళీగా వదలిన ఒక గడి చేయుచున్నది. పహాణీలో అనుభవదారు కాలము ఒకప్పుడుండెడిది. 2020లో ధరణి వచ్చినప్పుడు అది మాయమైనది. రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయమున తెలంగాణమునకు మొదటిదని గణాంకములు చెప్పును. సగటున నిజమే.

ఈ కొత్త యిండ్లకు కంకర కావలెను, ఇసుక కావలెను. అదంతయు ఈ బాటనే పోవలెను. 2025 నవంబరు 3వ తేదీ ఉదయము చేవెళ్ల మండలము మీర్జాగూడ వద్ద కంకరతో వచ్చిన టిప్పరు తాండూరు నుండి వచ్చుచున్న ఆర్టీసీ బస్సును ఢీకొనగా 19 మంది మరణించిరి. కంకర బస్సులోని మనుష్యులపై పడినది. బాటను వెడల్పు చేయవలెనని ఊళ్లవారు ఏండ్ల తరబడి అడుగుచుండిరి. మర్రిచెట్లు నరుకరాదని మరికొందరు హరిత ట్రిబ్యునలు ముందు వాదించుచుండిరి. తొమ్మిది వందలకు చేరువగానున్న ఆ చెట్లలో వీలైనవానిని వ్రేళ్లతో పెకలించి వేరొకచోట నాటుట కూడ ఆ వాదములో నొక భాగము. ఆ బస్సెక్కినవారిలో చదువుకొను పిల్లలుండిరి, నగరములో పనికి బయలుదేరినవారుండిరి. భూమి విడిచి కార్ఖానాకు పోయినవారిని అమెరికాలో 1956 చట్టపు రాజమార్గము మోసెను. మన వారిని మోయునది ఇంకను నిజాము నాటి బాటయే.